ఉమ్మడి నీరు - ఉమ్మడి కట్టుబాటు



నాట్లకాలము వచ్చినతోడనే మన గ్రామములలో ప్రతి యేటను ఒకే వ్యవహారము నడచుచుండును. కాలువ మొదట నున్నవారి మడులు పొర్లిపాఱుచుండగా, చివర నున్నవారు రాత్రులు నిద్రమాని గట్లవెంట తిరుగుచుందురు. తెల్లవాఱుసరికి ఎవరో గండికొట్టిరని మాట పుట్టును. మాట పెరిగి తగవగును. తగవు పెరిగి ఠాణాకు పోవును. మెట్టభూములందు వేఱొక విధము. ఒకరు రెండువందల అడుగులు బోరు వేసినచో పొరుగువారు మూడువందల అడుగులు వేయుదురు. బోరు ఎవరిది వారిదే. గాని దానిలోని నీరు మాత్రము ఉమ్మడిది. ఈ సంగతి ఎఱుగక అప్పుచేసి బోరుమీద బోరు వేసి నష్టపడిన కుటుంబములు మన ప్రాంతములలో ఎన్ని యున్నవో సభ్యులకు మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.

నేటి విద్వాంసులు 'సుస్థిరత' యను మాటను తఱచుగా వాడుచున్నారు. రైతుభాషలో చెప్పవలెనన్న, విత్తనపుగింజలను తినకుండుటయే సుస్థిరత. నేడు మనము వాడుకొనుచున్న నేల, నీరు, అడవి, బీడు రేపు మన బిడ్డలకును పనికివచ్చునట్లు వాడుకొనుట యని దీని యర్థము. ఇది ఒక్క శాస్త్రమునకు లొంగెడు విషయము గాదు. కాలువ కట్టుట ఇంజనీరు పని. పైరుకు నీరెంత కావలయునో చెప్పుట వ్యవసాయశాస్త్రజ్ఞుని పని. లాభనష్టములు లెక్కించుట అర్థశాస్త్రజ్ఞుని పని. గ్రామమున కట్టుబాట్లు ఎట్లు పుట్టునో, ఎట్లు చెడునో తెలిసికొనుట సమాజమును పరిశీలించువారి పని. వీరందఱు ఒకచోట కూర్చుండి పనిచేసినప్పుడేమి ఫలము గలిగెనో చూపుటకు మేము ఒక విశ్వవిద్యాలయమున జరిగిన పరిశోధనను ఈ పాఠమున వివరింపదలచితిమి. ఇది దూరదేశమున జరిగినదైనను దీని సారము మన చెఱువుగట్టుమీదను చెల్లును.

ఉమ్మడి సొత్తు చెడకతప్పదా?

1968వ సంవత్సరమున గారెట్ హార్డిన్ అను అమెరికా జీవశాస్త్రజ్ఞుడు 'సైన్స్' అను పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. ఆయన చూపిన దృష్టాంతమిది. ఊరికంతకును ఒకే పచ్చికబీడు గలదనుకొందము. ఒక కాపరి తన మందకు మఱియొక పశువును చేర్చినచో, దానివలని లాభము అంతయు వానిదే. గడ్డి తఱుగుటవలని నష్టము మాత్రము ఊరివారందఱకును పంచబడును. కావున ప్రతివాడును ఒక్కొక్క పశువును చేర్చుకొనుచునే పోవును. తుదకు బీడు మన్నగును, మందలు నశించును. ఇందుకు ప్రభుత్వపు అదుపో, లేక సొత్తును పంచి వ్యక్తులపరము చేయుటయో మాత్రమే మార్గములని అనేకులు ఆ వ్యాసమునుండి గ్రహించిరి. పెక్కు దేశముల ప్రభుత్వములు ఆ భావముననే చట్టములు చేసినవి.

ఈ వాదమున ఒక లోపము గలదు. హార్డిన్ చెప్పిన కాపరులు ఒకరితోనొకరు మాటలాడరు. వారికి పంచాయతీ లేదు, పెద్దలు లేరు, కట్టుబాటు లేదు. అట్టి ఊరు లోకమున నెక్కడనైన ఉండవచ్చును గాని, ఊళ్లన్నియు అట్టివి కావు. హార్డిన్ తానే 1994లో మరల వ్రాయుచు, తాను చెప్పినది నిర్వహణ లేని ఉమ్మడి సొత్తునుగూర్చి యని స్పష్టము చేసెను.

ఒక విదుషి చేసిన కృషి

ఈ ప్రశ్నను జీవితమంతయు పట్టి పరిశీలించినవారు ఎలినార్ ఆస్ట్రమ్ గారు. వీరు 1933లో లాస్ ఏంజలిస్ నగరమున జన్మించిరి. 1965లో డాక్టరు పట్టమునకై వీరు వ్రాసిన గ్రంథము భూగర్భజలమును గూర్చినదే. లాస్ ఏంజలిస్ సమీపమున సముద్రతీరమందు 'వెస్ట్ బేసిన్' అను భూగర్భజలాశయము గలదు. పట్టణములు, నీటి కంపెనీలు, కర్మాగారములు ఎవరికి వారు నీటిని తోడుకొనుటచే జలమట్టము సముద్రమట్టముకన్న దిగువకు పోయి, ఉప్పునీరు లోపలికి చొరబడసాగెను. తీరగ్రామములలో బోరునీరు ఉప్పగుట మన రైతులు ఎఱిగినదే గదా! అచ్చటివారు ఒక సంఘముగా గూడి, ఎవరెంత తోడుచున్నారో లెక్కలు తేల్చి, న్యాయస్థానము ఎదుట ఒడంబడిక చేసికొని, తోడుడును తగ్గించిరి. తరువాత తీరము పొడవున బావులగుండ మంచినీటిని నేలలోనికి దింపి ఉప్పునీటికి అడ్డుకట్టగా నిలిపిరి. ఒండొరులతో పోటీపడువారు సైతము లెక్కలు బహిరంగమైనచో సమాధానపడగలరని ఆస్ట్రమ్ గారు ఇందువలన గ్రహించిరి.

1973లో వీరును, వీరి భర్త విన్సెంట్ ఆస్ట్రమ్ గారును ఇండియానా విశ్వవిద్యాలయమున ఒక పరిశోధనశాలను స్థాపించి, దానికి 'వర్క్‌షాపు' అని పేరిడిరి. వడ్రంగి కొట్టమున గురువును శిష్యుడును ఒకే దూలముపై పనిచేయునట్లు, ఇచ్చట ఆచార్యులును విద్యార్థులును కలిసి పనిచేయవలెనని వారి యభిప్రాయము. రాజనీతి, అర్థశాస్త్రము, మానవశాస్త్రము మున్నగు పలుశాఖలవారు అచ్చట గుమిగూడిరి. అంతకుమునుపు కాలువలనుగూర్చి ఇంజనీరులు వ్రాసినది మానవశాస్త్రజ్ఞులు చదువరు. మానవశాస్త్రజ్ఞులు గ్రామములనుగూర్చి వ్రాసినది అర్థశాస్త్రజ్ఞులు చదువరు. ఒక్కొక్కరు ఒక్కొక్క భాషలో వ్రాసికొనుచుండిరి. వర్క్‌షాపువారు ఈ చెదరిన వృత్తాంతములన్నిటిని సేకరించి, ఒకే పద్ధతిని పట్టికలు వేసి, ఏ కట్టుబాట్లు నిలిచినవి, ఏవి కూలినవి యని పోల్చిచూచిరి. ఈ పోలికయే వారి పరిశోధనకు ప్రాణము. దాని ఫలితము 1990లో గ్రంథరూపమున వెలువడెను. 2009లో ఆస్ట్రమ్ గారికి ఆలివర్ విలియమ్‌సన్ గారితోపాటు అర్థశాస్త్రమున నోబెల్ స్మారక బహుమానము లభించెను. ఆ శాస్త్రమున ఈ గౌరవమందిన మొదటి స్త్రీ వీరే. 2012లో వీరు కాలధర్మము నొందిరి.

నిలిచిన కట్టుబాట్లు

వారు చూపిన దృష్టాంతములలో రెంటిని ఇచ్చట పేర్కొందుము.

స్విట్జర్లాండు దేశమున పర్వతములనడుమ టోర్బెల్ అను చిన్న గ్రామము గలదు. అచ్చటి వేసవి పచ్చికబయళ్లు ఊరుమ్మడివి. 1517లో గ్రామస్థులు ఒక నియమము వ్రాసికొనిరి: చలికాలమున తన సొంత మేతతో ఎన్ని ఆవులను పోషింపగలడో, అన్ని ఆవులను మాత్రమే ఒకడు వేసవిలో ఉమ్మడి బయలునకు తోలవలెను. ఈ నియమమునందలి తెలివిని గమనింపుడు. కొలతకు ఏ అధికారియు రానక్కఱలేదు. ఎవని గడ్డివామి ఎంతటిదో ఊరందఱకును కనబడుచునే యుండును. తనిఖీకి ఖర్చులేని కొలతను వారు ఎన్నుకొనిరి.

స్పెయిన్ దేశమున వలెన్సియా నగరము చుట్టును కాలువలక్రింద తోటలు గలవు. 1435లో రెండు కాలువలక్రింది రైతులు 84 మంది ఒక మఠమున సమావేశమై తమ నియమములను వ్రాసికొనిరి. అచ్చట నీటి తగవులు తీర్చుటకు కాలువరైతులు ఎన్నుకొన్న పెద్దలతో ఒక న్యాయసభ గలదు. ప్రతి గురువారమును నగరమందలి ప్రధాన దేవాలయపు ద్వారమువద్ద ఆ సభ కూర్చుండును. ప్లీడర్లు లేరు, వాదము నోటిమాటగా బహిరంగమున జరుగును, తీర్పు అప్పుడే చెప్పబడును. 2009లో ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞానసంస్థ ఈ సభను మానవజాతి వారసత్వములలో నొకటిగా గుర్తించినది.

ఇట్టి వృత్తాంతములు కాకతాళీయములు గావచ్చునని ఎవరైన అనవచ్చును. కావున ఆస్ట్రమ్ గారు, అర్థశాస్త్రజ్ఞులగు రాయ్ గార్డ్‌నర్, జేమ్స్ వాకర్ గార్లతో గూడి, ప్రయోగశాలయందును దీనిని పరీక్షించిరి. కొందఱిని కూర్చుండబెట్టి, ఒక ఉమ్మడి నిధినుండి ఎవరికి వారు లాభము తీసికొను ఆట నాడించిరి. మాటలాడుకొనుటకు వీలులేనప్పుడు వారు హార్డిన్ చెప్పినట్లే మితిమీరి తీసికొని, అందఱును నష్టపడిరి. ఎదురెదుట కూర్చుండి మాటలాడుకొనుటకు సెలవిచ్చినప్పుడు వారి మొత్తపు లాభము మిక్కిలి పెరిగెను. తప్పినవారికి జరిమానా వేయు పద్ధతిని తామే యేర్పఱచుకొన్నప్పుడు ఫలితము ఇంకను బాగుండెను. ఈ ప్రయోగముల వివరములు 1992, 1994 సంవత్సరములలో ప్రకటింపబడినవి.

ఎనిమిది సూత్రములు

దీర్ఘకాలము నిలిచిన ఉమ్మడి వ్యవస్థలన్నిటను కనబడిన లక్షణములను ఆస్ట్రమ్ గారు ఎనిమిదిగా వింగడించిరి. వానిని మన వాడుకకు అనుగుణముగా క్రింద వివరించుచున్నాము.

1. హద్దులు తేటగా నుండవలెను. ఏ తూముక్రింద ఎన్ని యెకరములు, ఎవరెవరికి హక్కు, చెఱువు శిఖము ఎంతవఱకు అన్నది వ్రాతలో నుండవలెను. హద్దు తెలియనిచోట ఎవరును గట్టుకు బుట్టెడు మన్ను వేయరు.

2. నియమము స్థలమునకు తగినదిగా నుండవలెను. పొందెడు నీటికి పెట్టెడు శ్రమ సరిపోవలెను. నల్లరేగడికి చెల్లు వంతు ఎఱ్ఱనేలకు చెల్లదు. పదియెకరముల వానిచేతను, ఎకరము వానిచేతను సమానముగ పూడికతీయించినచో ఆ కట్టుబాటు రెండవ యేడు నిలువదు.

3. నియమమునకు లోబడువారికి దానిని మార్చుటయందు మాట యుండవలెను. పైనుండి వచ్చిన నియమమును తప్పించుకొనుటకు దారులు వెదకుదురు; తాము చేసికొన్న నియమమును కాపాడుకొందురు.

4. కావలి యుండవలెను. కావలివాడు రైతులలో నొకడుగనో, రైతులకు జవాబుదారుగనో యుండవలెను. వంతుల పద్ధతి సరిగ నున్నచోట, తన వంతునకై గట్టుమీద కాచుకొనియున్న పొరుగురైతే జీతములేని కావలివాడు.

5. శిక్ష మెట్లుమెట్లుగా నుండవలెను. మొదటి తప్పునకు మందలింపు లేక చిన్న జరిమానా. మరల చేసినచో పెద్దది. కఱవులో ఒక రాత్రి నీరు త్రిప్పుకొన్నవానిని ఊరు వెలివేసినట్లు శిక్షించినచో, వాడు పగవాడగును గాని సభ్యుడు గాడు.

6. తగవు తీర్చు చోటు దగ్గఱగను, ఖర్చులేనిదిగను ఉండవలెను. పైరు ఎండునది పదిదినములలో. కోర్టు తీర్పు వచ్చునది పదియేండ్లకు.

7. ప్రభుత్వము రైతుల కట్టుబాటును గుర్తింపవలెను. ఊరు చేసికొన్న నియమమును ఒక అధికారి ఒక్క సంతకముతో కొట్టివేయగలిగినచో దానికి విలువ లేదు.

8. పెద్ద వ్యవస్థలలో సంఘములు అంతస్తులుగా నుండవలెను. పిల్లకాలువకొక సంఘము, మేజరుకొకటి, ప్రాజెక్టున కొకటి. మన సహకారోద్యమమున ప్రాథమిక సంఘము, జిల్లా బ్యాంకు, రాష్ట్ర బ్యాంకు ఉన్నట్లే యిదియు.

కర్నూలు జిల్లా సాక్ష్యము

ఈ సూత్రములు పరదేశములకే చెల్లునను శంక యక్కఱలేదు. రాబర్ట్ వేడ్ అను పండితుడు కర్నూలు జిల్లాలో సుమారు 40 గ్రామములను పరిశీలించి, 1988లో 'విలేజి రిపబ్లిక్స్' అను గ్రంథమును ప్రకటించెను. అందు ఒక గ్రామమునకు కొత్తపల్లె యను మాఱుపేరుంచి విపులముగ వర్ణించెను. ఆ గ్రామమున చట్టప్రకారము ఏర్పడిన పంచాయతీగాక, రైతులు తమంతట నడుపుకొను వేఱొక పెద్దల సభ యుండెను. దానికొక నిలువనిధి యుండెను. ఆ నిధినుండి సంవత్సరమంతయు నలుగురు పొలము కావలివారికి జీతమిచ్చుచుండిరి. వరికాలమున నీరు పారించుటకు సుమారు పండ్రెండుమందిని నియమించుచుండిరి. కోతలైన పొలములలో గొఱ్ఱెలమందలను మేపుకొను హక్కు మొదలైనవానిని అమ్మి ఆ నిధికి సొమ్ము కూర్చుచుండిరి.

ఇంతకన్న ముఖ్యమైన విషయమొకటి ఆ గ్రంథమున గలదు. కొత్తపల్లెకు కొలది మైళ్ల దూరముననే ఇట్టి యేర్పాటు ఏదియు లేని గ్రామములు గూడ నుండెను. ఒకే జిల్లా, ఒకే జనము, ఒకే ఆచారములు. మఱి ఈ భేదమేల? వేడ్ గారు కనుగొన్న కారణమిది: కాలువ చివర నుండి, నీరు అందునో అందదో యను భయము ఎక్కువగా నున్న గ్రామములలోను, పైరును పశువులనుండి కాపాడుకొనవలసిన అవసరము హెచ్చుగా నున్న నల్లరేగడి గ్రామములలోను కట్టుబాటు బలముగా నుండెను. కాలువ మొదట నుండి నీరు పుష్కలముగా నున్నచోట ఎవరును సంఘము మాట యెత్తలేదు. అనగా కట్టుబాటు మంచితనమువలన పుట్టినది కాదు, అవసరమువలన పుట్టినది. కాబట్టి మా యూరివారు ఐకమత్యము లేనివారని నిట్టూర్చుటకన్న, కలసినచో ఎంత లాభము, కలియకున్న ఎంత నష్టము అన్న లెక్కను సభయెదుట పెట్టుట మేలు.

మఱియొకటి గూడ దాచక చెప్పవలెను. ఆ గ్రామసభలో భూమిగలవారే ప్రధానులు. కూలివారికిని, స్త్రీలకును నిర్ణయములయందు చోటు అంతగా లేదు. నేడు కౌలుదారులు, స్త్రీలు సేద్యమున పెద్ద భారమును మోయుచున్నారు. వారి మాట వినని కట్టుబాటు మూడవ సూత్రమునకు విరుద్ధము.

నేపాళపు పాఠము

వర్క్‌షాపువారు నేపాళ దేశమున సుమారు 150 సాగునీటి వ్యవస్థల వివరములను సేకరించి పోల్చిరి. కొన్ని ప్రభుత్వము నడుపునవి. తక్కినవి రైతులు నడుపుకొనునవి. రైతుల ఆనకట్టలు తఱచుగా రాళ్లు, మట్టి, కంపలతో కట్టినవి, వరదకు కొట్టుకొనిపోవునవి. ప్రభుత్వపువి సిమెంటుతో కట్టినవి. అయినను, చివరి పొలములకు నీరు చేరుటయందును, పంట దిగుబడియందును రైతులు నడుపుకొనునవే మొత్తముమీద మేలుగా నుండెను.

కారణము విచిత్రముగా నున్నను సరళమైనది. కంపల ఆనకట్టను ఏటేట మరల కట్టవలెను. అందుకు చివరిరైతుల చేతులు కావలెను. కావున మొదటిరైతులు వారికి నీరు విడువకతప్పదు. సిమెంటు ఆనకట్ట వచ్చినతోడనే ఏటేటి శ్రమ తప్పును. మొదటిరైతులకు చివరివారితో పనిలేకపోవును. అంతట నీరును దిగువకు పోదు. సిమెంటు చెడ్డదని మేము చెప్పుటలేదు. పూర్వపు ఒప్పందము దేనిపై ఆధారపడియున్నదో తెలిసికొనక కట్టిన కట్టడము, నీటిని నిలిపి స్నేహమును కొట్టివేయగలదు. చెఱువునకు తూము మార్చునప్పుడు, కాలువకు లైనింగు వేయునప్పుడు చివరిరైతుల వంతునుగూర్చి ముందుగనే వ్రాసికొనుట మన కర్తవ్యము. ఇంజనీరును మానవశాస్త్రజ్ఞుడును కలిసి చూచినందువలననే ఈ సంగతి వెల్లడియైనది.

మన చేతిలోని పని

అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 1997లో సాగునీటి వ్యవస్థలను రైతులే నిర్వహించుటకు చట్టము వచ్చి, పదివేలకు మించి నీటివినియోగదారుల సంఘములు ఏర్పడినవి. ఏడవ, ఎనిమిదవ సూత్రములకు ఇది ఆధారమైనది. కాని చట్టము సంఘమునకు పేరును హద్దును ఇయ్యగలదు. కావలిని, నమ్మకమును సభ్యులే తెచ్చుకొనవలెను.

భూగర్భజలమునకు మఱియొక దృష్టాంతము మన యింటనే గలదు. 2000 తరువాతి దశాబ్దమున, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబునగరము, నల్లగొండ జిల్లాల గ్రామములలో రైతులు తామే వానను కొలిచిరి. గుర్తించిన బోరులలో నీటిమట్టమును కొలిచి పలకలపై అందఱకును కనబడునట్లు వ్రాసిరి. రబీకి ముందు సభచేసి, నేలలో ఎంత నీరున్నది, అనుకొన్న పైరులకు ఎంత కావలయును అని జమాఖర్చు కట్టిరి. వరి వేయరాదని ఎవరిని నిర్బంధింపలేదు. లెక్క కనబడినపిమ్మట పెక్కుమంది తమంతట తామే తక్కువ నీటి పైరులకు మఱలిరి. వెస్ట్ బేసిన్‌లో న్యాయస్థానము ఎదుట జరిగిన పని ఇచ్చట రచ్చబండ యెదుట జరిగినది.

ఒక్క మందు అన్ని రోగములకును పనికిరాదని ఆస్ట్రమ్ గారు పదేపదే హెచ్చరించిరి. ఎనిమిది సూత్రములును తాళముచెవి కావు. మన తాళమును పరీక్షించుకొనుటకు ఉపకరించు ప్రశ్నలు మాత్రమే. కావున సభ్యులు రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ క్రింది విషయములను చర్చించి, తీర్మానములను సంఘపు పుస్తకమున నమోదు చేయవలెనని కోరుచున్నాము.

(1) మన చెఱువుక్రింద లేక తూముక్రింద నీటికి హక్కుగల రైతుల పట్టిక వ్రాతమూలముగ నున్నదా? కౌలుదారుల పేర్లు అందున్నవా?

(2) గడచిన మూడేండ్లలో చివరి పొలములకు ఎన్ని తడులు అందినవి? లెక్క యెవరివద్ద నున్నది?

(3) కావలివానికి జీతము ఎవరిచ్చుచున్నారు? అతడు ఎవరికి జవాబుదారు?

(4) మన గ్రామమున ఏ రెండు బోరులలో నెలకొక్కసారి నీటిమట్టమును కొలిచి పలకపై వ్రాయగలము? ఆ పనికి పూనుకొనువారెవరు?

నాలుగవ ప్రశ్నకు కావలసినవి ఒక త్రాడు, ఒక బరువు, ఒక సుద్దముక్క. వచ్చు నెల మొదటి దినముననే దానిని మొదలుపెట్టవచ్చును.